టీచరుగారి చేతిరాత

చిలకలూరిపేట దగ్గర మన ఊరు,
12 సెప్టెంబరు 2023

అక్కకు నమస్కారాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నీ కూతురు జ్యోతిర్మయి నవ్వుతుందేమో, నవ్వనీ. ఆపరేషన్ అయ్యాక నువ్వు ఫోనులో మాట్లాడితే నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అర్థమైనట్టు ఊఁ ఊఁ అంటున్నానని నీకూ తెలిసిపోతోంది. మెసేజీ పెడదామంటే ఫోను ఎప్పుడూ జ్యోతి చేతిలోనే. మేనకోడలు చదివే మెసేజీలో మేనమామ ఏడవలేడు. అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కావాలన్నాను. అక్కడి అమ్మాయి పాపం చాలాసేపు వెతికి తీసింది.

ముందు నా తప్పు రాస్తాను. ఏప్రిల్లో నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నాలుక పక్కన పుండు చూపించావు. వేడి చేసిందన్నాను. బి-కాంప్లెక్స్ మాత్రలు తెచ్చిచ్చి, మజ్జిగ ఎక్కువ తాగమన్నాను. ఇరవై ఏళ్ళుగా పురుగుమందుల కొట్టు నడుపుతున్నానుగా, బాపయ్య ఆకు చూసి తెగులు చెప్తాడని నాకో పేరు. ఆ పేరు నువ్వూ నమ్మి మూడు నెలలు ఊరికే కూర్చున్నావు. నాలుకలో మూడో వంతు కోసేసిన రోజున కూడా నేను రాలేదు. మిరప నాట్ల సీజను, కొట్టు వదల్లేనన్నాను. సీజను మాట నిజమే. కానీ నేను రానిది భయంతో.

మొన్న ఆదివారం సింగరాయకొండ అవతల ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. బోర్డూ లేదు, పేరూ చెప్పడు. చింతచెట్ల కింద ఎనభై మంది వరసలో నిలబడ్డారు. ఆయన వేర్లు దంచిన పొడి ఇచ్చాడు. గుడ్డ సంచిలో పోసి మూతి దారంతో కుట్టి పంపుతున్నాను. పరగడుపున పలచటి మజ్జిగలో ఒక చెంచాడు. కారం, చింతపండు, వంకాయ పథ్యం. ఆస్పత్రి వైద్యం మానమని నేను అనడం లేదు. తోటలో నల్ల తామరపురుగు పడితే ఒక్క మందుకు లొంగుతుందా? రెండు కలిపి కొడతాం. ఇదీ అంతే అనుకో.

నా మాట తీసెయ్యకుండా వాడు అక్కా. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు అన్నం సహించడం లేదు.

నీ తమ్ముడు
బాపయ్య


ఒంగోలు,
24 సెప్టెంబరు 2023

ఒరేయ్ బాపయ్యా, నీకూ మరదలికీ దీవెనలు.

నీ ఉత్తరంలో పదమూడు తప్పులున్నాయి. ఎర్ర సిరా లేక వదిలేశాను. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలందరి చేతా పలకలు దిద్దించిన దాన్ని, సొంత తమ్ముడికి ఒత్తులు నేర్పలేకపోయాను.

ఇక్కడ రేడియేషన్ మూడో వారం నడుస్తోంది. మొహానికి జల్లెడ లాంటి ముసుగు వేసి బల్లకు బిగిస్తారు. కదలకూడదు. పది నిమిషాలే గానీ, ఆ పది నిమిషాలూ నేను మనసులో ఎక్కాలు చదువుకుంటాను. పదహారో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి వదిలిపెడతారు. నోరంతా పొక్కింది. సాజిదా అని ఒక నర్సమ్మాయి ఉంది. ఐస్‌క్రీం పుల్లలు పళ్ళ మధ్య పెట్టించి నోరు తెరిచే కసరత్తు చేయిస్తుంది. నాలుగు లెక్కపెట్టి ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలమంటుంది. నాకు పాఠం చెప్పేవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారు.

నీ పొడి అందింది, మొదలుపెట్టాను. అబద్ధమెందుకు, మొదట్లో వాసనకే ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు అలవాటైంది. వారం నుంచి నాలుగైదు గంటలు నిద్ర పడుతోంది. రాగిజావ మింగగలుగుతున్నాను. నీ మందు గుణమే అయ్యుంటుంది. నువ్వు అంత దూరం వెళ్ళి ఎండలో నిలబడి తెచ్చావు, ఆ పుణ్యం ఊరికే పోదు.

ఏప్రిల్ సంగతి ఇంకెప్పుడూ రాయకు. నువ్వు వేడి అన్నప్పుడు నేనే సంతోషించాను. నాక్కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాలని లేదు.

వేళకి తిను.

అక్క


మన ఊరు,
5 అక్టోబరు 2023

అక్కా,

నీ ఉత్తరం కొట్లో గల్లాపెట్టె ముందు నిలబడి చదువుకున్నాను. నిద్ర పడుతోందన్న దగ్గర నా కళ్ళు మసకేశాయి. పురుగులు అంటుకునే జిగురు అట్టలు కొనడానికొచ్చిన ఇమాం హుస్సేన్ ఏమైందండీ అని అడిగితే అతనికి చదివి వినిపించాను. తర్వాత వచ్చినవాళ్ళకీ వినిపించాను. నా మీద కోప్పడకు. మూడు నెలల తర్వాత నేను ఒక మంచి మాట విన్నాను.

ఆ విన్నవాళ్ళలో కొండమ్మ ఉంది. నీ దగ్గర ఐదో తరగతి వరకు చదివింది, చర్చి పక్కన ఉండే ట్రాక్టరు డ్రైవరు జోసఫ్ భార్య. ఆమెకు రొమ్ములో గడ్డ అట. గుంటూరు ఆస్పత్రిలో ఆరు ఇంజెక్షన్లు ఇచ్చాక ఆపరేషన్ అన్నారట. రెండు అయ్యాయి. జుట్టంతా ఊడి, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. ఉత్తరం ఒకసారి చూపించమని అడిగి, అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది. "ఇది టీచరుగారి చేతిరాతే. మా అందరికీ ఈ రాతే దిద్దించారు" అంది. నా దగ్గర మిగిలిన పొడిలో సగం ఆమెకు ఇచ్చాను.

పత్తి తీతలు మొదలయ్యాయి. వాన పడకపోతే ఈ ఏడు ఫరవాలేదు. నీకు ఇంకో సంచి పంపిస్తాను.

బాపయ్య


ఒంగోలు,
18 అక్టోబరు 2023

బాపయ్యకు,

నా ఉత్తరాలు కొట్లో చదవకు. నేను నీకు రాశాను, ఊరికి కాదు. ఈ మందు సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండనీ. ఇంకో సంచి పంపొద్దు, ఉన్నది చాలు.

రేడియేషన్ అయిపోయింది. చివరి రోజున సాజిదా నా ముసుగు నాకే ఇచ్చేసింది, ఇంటికి తీసుకెళ్ళమని. జ్యోతి దాన్ని బీరువా మీద పెట్టింది. గదిలోకి వెళ్తే నా మొహమే నన్ను చూస్తోంది. తీసేయమంటే రేపు రేపు అంటోంది.

కొండమ్మ నాకు బాగా గుర్తు. కిటికీ పక్కన కూర్చునేది. పాఠం పైకి చదవమంటే క్లాసంతా నిశ్శబ్దంగా వినేది. ఆరులో చేర్పించమని వాళ్ళ అమ్మను రెండుసార్లు అడిగాను. మిరపకాయల కోతలకు కావాలంది. నేను మూడోసారి అడగలేదు. ఆమె ఆస్పత్రి ఇంజెక్షన్లు మానకుండా చూడు. ఈ మాట తప్పకుండా చెప్పు.

ఇంకో సంగతి కూడా రాయాలి. వచ్చే ఉత్తరంలో రాస్తాను.

అక్క


మన ఊరు,
9 డిసెంబరు 2023

అక్కకు,

జవాబు ఆలస్యమైంది. ముందు తామరపురుగు, తర్వాత తుపాను. మన వైపు పత్తి తడిసి నల్లబడింది. మిరప తోటల్లో నీళ్ళు నిలిచి మొక్కలు వడలిపోతున్నాయి. రైతులు కొట్టు ముందు కూర్చుని నన్నే చూస్తున్నారు.

రెండు నెలలు కావస్తోంది, ఏదో సంగతి రాస్తానన్నావు, రాయలేదు. మందు మన మధ్య ఉండనీ అన్నావుగా, చెబితే గుణం పోతుందనే భయమనుకున్నాను. పెద్దాయనను అడిగాను. వేరు పేరు చెబితే పోతుంది గానీ, మేలు జరిగిందని చెబితే పోదన్నాడు. నీకు నిశ్చింత.

ఇప్పుడు మంచి కబురు. కొండమ్మకు జుట్టు మొలుస్తోంది. వాంతులు లేవు. పత్తి తీతకు కూడా వెళ్ళింది. దసరా ముందే ఇంజెక్షన్లు మానేసింది. నేను మానమనలేదు. పొడి టీచరుగారికి అరవై నాలుగేళ్ళ వయసులో పని చేసింది, నాకు చెయ్యదా అంది. నీ ఉత్తరం జిరాక్స్ తీయించుకుని బైబిల్లో పెట్టుకుంది. వాళ్ళ ఇళ్ళ వైపు ఇంకో ఇద్దరు కూడా నన్ను పొడి అడిగారు.

మా వ్యాపారంలో కొత్త మందు వస్తే కంపెనీవాళ్ళు ముందు ఒక రైతు చేలో కొట్టి చూపిస్తారు. డెమో ప్లాటు అంటారు. నోటితో వంద చెప్పినా వినని రైతు, ఆ చేను గట్టు మీద నిలబడి చూశాక తనే వచ్చి కొంటాడు. నువ్వు నాకు అలా అయ్యావు అక్కా. ఏప్రిల్లో చేసిన పాపం కొంచెం కడుక్కున్నానని మొదటిసారి అనిపిస్తోంది.

బాపయ్య


ఒంగోలు,
14 డిసెంబరు 2023

బాపయ్యా,

ఈ ఉత్తరం అందగానే కొట్టు కట్టేసి కొండమ్మ దగ్గరికి వెళ్ళు.

నేను నీ పొడి ఒక్క చెంచా కూడా తాగలేదు. సంచి నా చీరల కింద ఉంది. నువ్వు కుట్టిన దారం కూడా తెంపలేదు. నిన్న జ్యోతి చేత ఫోను చేయించి ఇదే చెప్పించాను. జ్యోతికి నాటుమందంటే గిట్టదు, దాని మాట నమ్మను, అక్క రాస్తే నమ్ముతానన్నావట. రాస్తున్నాను. నీకు అందేలోగా ఇంకో రోజు పోకూడదని పేట బస్సు కండక్టరు కోటేష్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

సంచి వచ్చిన మర్నాడే సాజిదాకు చూపించాను. బయటి మందులు ఏమైనా వాడితే దాచకుండా చెప్పమని మొదటి రోజే అడిగింది. డాక్టరు చూసి, అందులో ఏముందో ఎవరికీ తెలియదు, ఇక్కడి మందులతో కలిస్తే కాలేయం దెబ్బతినొచ్చు, వద్దన్నాడు. ప్రాణాయామం చేసుకోండి, పాటలు వినండి, ఒళ్ళు మర్దన చేయించుకోండి, అవి మా వైద్యానికి తోడుగా ఉంటాయి, బదులుగా మాత్రం ఏదీ వద్దని విడమరిచి చెప్పాడు. నాకు నిద్ర పట్టిన మాట నిజం. అది సాజిదా నేర్పిన ఊపిరి వల్ల, వాళ్ళిచ్చిన నొప్పి మందు వల్ల. ఆ మేలంతా తీసుకెళ్ళి నీ పొడికి కట్టాను.

ఎందుకంటే నీ ఉత్తరం అలా ఉంది. వాడలేదని రాస్తే నువ్వు మళ్ళీ ఏప్రిల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంటావని భయపడ్డాను. తమ్ముడికి ఒక పూట మనశ్శాంతి ఇస్తే ఏం పోయిందిలే అనుకున్నాను. కొండమ్మకు పొడి ఇచ్చానని నువ్వు రాసినప్పుడైనా చెప్పాల్సింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, ఇంజెక్షన్లు మానకుండా చూడమని ఒక్క వాక్యం రాసి సరిపెట్టుకున్నాను. అబద్ధమాడానని తమ్ముడికి చెప్పడానికి సిగ్గేసింది. నా సిగ్గుకి ఆ పిల్ల రెండు నెలలు పోగొట్టుకుంది.

కొండమ్మకు వేరే కాగితం పెట్టాను. చదివి వినిపించు. అదే రోజు గుంటూరు తీసుకెళ్ళు.

అక్క


మన ఊరు,
17 డిసెంబరు 2023

అక్కా,

కోటేష్ ఉత్తరం ఇచ్చేసరికి కొట్లో జనం ఉన్నారు. చదివి షట్టరు దించేశాను. నీ మీద పట్టరాని కోపం వచ్చింది. నన్ను చిన్నపిల్లాడి కింద కట్టావు. నేనేమైనా పాలు తాగే పిల్లాణ్ణా, అబద్ధంతో ఊరడించడానికి? నిజం రాసి ఉంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

ఆ కోపంతోనే చర్చి దాకా నడిచాను. అక్కడికి చేరేసరికి నా సంగతి నాకు గుర్తొచ్చింది. నేనూ నీకు అబద్ధం రాశాను. మానమనలేదని రాశాను కదా. మూడో ఇంజెక్షనుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున జోసఫ్ కొట్టుకొచ్చి, వెళ్ళమంటారా, ఆపమంటారా అని సూటిగా అడిగాడు. ఒక మందు పని చేస్తుంటే రెండోది దండగే కదా అన్నాను. రైతులకు చెప్పినట్టే చెప్పాను. ఇంజెక్షన్లు మానొద్దని ఆ తర్వాత నువ్వు రాసిన మాట కూడా అతనికి చేరవెయ్యలేదు. ఏం కొంప మునిగిందిలే అనుకున్నాను. చేలో రెండు మందులు కలిపే ముందు బకెట్లో కలిపి విరిగిపోతుందేమో చూస్తాను. ఆమె విషయంలో ఆ మాత్రం కూడా చెయ్యలేదు.

కొండమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నీ కాగితం మొత్తం చదివాను. విని లోపలికి వెళ్ళి బైబిల్లోంచి జిరాక్స్ తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పాత దాంట్లో నీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కొత్త దాంట్లో వంకరలు పోయాయి.

"ఇది టీచరుగారి చెయ్యి కాదండీ. నన్ను ఆస్పత్రికి తోలడానికి మీరే ఎవరిచేతో రాయించారు. ఆవిడ అబద్ధం రాయరు" అంది.

నేను ఒట్టు పెట్టాను. వినలేదు. బయటికి వస్తుంటే జోసఫ్ వెనకాలే వచ్చి మెల్లగా చెప్పాడు. గడ్డ పెరిగి రాయిలా అయిందట, కుడి చెయ్యి పైకెత్తలేకపోతోందట, ఎడమ చేత్తోనే పత్తి తీసిందట. వారం నుంచి దగ్గు. ఎవరికీ చెప్పొద్దందట, పొడి మీద నమ్మకం పోతే గుణం పోతుందని.

నా నోటి మాట ఇక్కడ చెల్లలేదు. పొడి అడిగిన ఆ ఇద్దరికీ ఇవ్వలేదు, ఆస్పత్రికే వెళ్ళమన్నాను. ఇప్పుడు నేనేం చెయ్యాలి?

బాపయ్య


గుంటూరు,
28 డిసెంబరు 2023

బాపయ్యకు,

ఊరికి వచ్చి నీ గుమ్మం తొక్కకుండా వెళ్ళానని మరదలు నొచ్చుకుందట. జోసఫ్ చెప్పాడు. కోపంతో కాదని ఆమెకు చెప్పు. నీ మొహం చూస్తే మళ్ళీ నీకు నచ్చే మాటే రాస్తానని భయమేసింది. అందుకే జ్యోతిని తోడు తీసుకుని బస్సు దిగి నేరుగా కొండమ్మ ఇంటికే వెళ్ళాను. అక్కడి నుంచి అందరం గుంటూరు వచ్చాం. అప్పటి నుంచీ ఆస్పత్రి దగ్గర సత్రంలో ఉంటున్నాం.

నన్ను చూసి కొండమ్మ లేచి నిలబడింది. బడిలో లేచినట్టే లేచింది. నేను మాట్లాడబోయాను. నా నోట్లోంచి వచ్చే శబ్దం విని ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. కుట్టు విప్పని సంచి ఆమె చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఆమె పక్కనే కూర్చుని, ఆమె చూస్తుండగా కాగితం మీద రాశాను. రేడియేషన్ అయ్యాక నీరసానికి నా వేళ్ళు వణుకుతున్నాయి. అక్షరాలు ఎందుకు వంకర పోయాయో ఆమె కళ్ళతో చూసింది. నేను రాస్తుంటే ఒక్కొక్క మాటా పైకి చదివింది. "నేను నీకు అబద్ధం రాశాను" అని చదివి ఆగిపోయింది.

కాగితం మీంచి తలెత్తి అడిగింది, ఆస్పత్రి మందు మీరు మానలేదా అని. లేదని తల ఊపాను.

"ఒక్కరోజు కూడానా అండీ?"

ఒక్కరోజు కూడా మానలేదని రాశాను. ఆ కాగితాన్ని ఆమె పైకి చదవలేదు. చీర మార్చుకుని వచ్చి జోసఫ్‌తో పదమంది. నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది. నేను ఆమె పక్కన కూర్చుని ఆమె దగ్గు వింటూ వచ్చాను. ఇన్నేళ్ళలో ఏ పిల్ల ముందూ నేను అలా తల దించుకుని కూర్చోలేదురా.

స్కానింగులు అన్నీ అయ్యాయి. ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇక ఆపరేషన్ చేసి తీసేసే వీలు లేదట. పెరగకుండా ఆపి ఉంచడానికి, ఆయాసం, నొప్పి తగ్గించడానికి మందులు ఇస్తారట. అక్టోబరులోనే వచ్చి ఉంటే ఆగేదా అని కాగితం మీద రాసి డాక్టరును అడిగాను. ఖచ్చితంగా చెప్పలేమన్నాడు. అవకాశం మాత్రం ఇంతకంటే చాలా మెరుగ్గా ఉండేదన్నాడు. ఖచ్చితంగా చెప్పలేమన్న మాటను పట్టుకుని నువ్వు ఊరట పొందకు. నేనూ పొందను.

ఇక రాయబోయేది ఇవాళ పొద్దున జరిగింది. గదిలో కొండమ్మ, జోసఫ్, నేను, ఇంకా నలుగురైదుగురు పేషెంట్లు ఉన్నారు. రెండు ఇంజెక్షన్లు చేయించుకుని ఎందుకు మానేశావమ్మా అని ఇంజెక్షన్లు ఇచ్చే వేరే డాక్టరు అడిగాడు. కొండమ్మ ఒకసారి నా వైపు చూసింది.

"పత్తి తీతలొచ్చాయండీ. కూలి పోద్దని రాలేదు" అంది.

డాక్టరు ఆమెను కేకలేశాడు. ప్రాణం కంటే కూలి ఎక్కువైందా, మీవాళ్ళంతా ఇంతే అన్నాడు. ఆమె తల దించుకుని ఆ మాటలన్నీ పడింది. నన్ను ఆ గదిలో ఎవరూ ఏమీ అనకూడదని పడింది. జోసఫ్ గోడ వైపు తిరిగాడు. నాకు చప్పున అర్థమైంది. సెప్టెంబరులో నేను నీకు రాసింది ఇలాంటి మాటే.

నేను కాగితం తీసి రాశాను. ఈమె కూలి కోసం మానలేదు, నేను వాడని పొడిని వాడానని, మేలు చేసిందని ఉత్తరం రాస్తే అది నమ్మి మానింది, రెండు నెలలకు పైగా రోజూ ఆ పొడి తాగింది, ఆమె కాలేయం కూడా పరీక్ష చేయండి అని రాసి కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. సంచి కూడా తీసి బల్ల మీద పెట్టాను. కొండమ్మ వద్దండీ అని నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు అవతలి పేషెంటుతో మాట్లాడుతుండగా విడిపించుకుని కాగితం నర్సు చేత అందించాను.

డాక్టరు మొత్తం చదివాడు. తలెత్తి గదిలో అందరినీ చూసి, కోటిరత్నం ఎవరని అడిగాడు.

నేను చెయ్యెత్తాను.

అక్క